బండి కొనేముందు వెనక కూర్చునే మనిషినీ అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వాహనాల కోసం కేటాయించే పేజీని నేను విడవకుండా చదువుతాను. కొత్త మోటారు సైకిలు బజారులోకి వచ్చినప్పుడల్లా దాని ఇంజను ఎన్ని సీసీలో, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో, ఎన్ని రంగుల్లో దొరుకుతుందో, ధర ఎంత పలుకుతుందో అందులో వివరంగా ఉంటుంది. ఆ బండి మీద వెనక కూర్చునే మనిషికి ఎలా ఉంటుందన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలోనైనా నాకు కనిపించలేదు. మన కడపలో అప్సర సర్కిల్ దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడి చూస్తే, భార్యనో తల్లినో చెల్లెలినో వెనక కూర్చోబెట్టుకుని పోయేవాళ్లు ఒంటరిగా పోయేవాళ్లకు ఏమాత్రం తక్కువ కాదని ఎవరికైనా తెలుస్తుంది. కొనేటప్పుడు లెక్కలోకి రాని ఆ రెండో మనిషి తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు బండి నడపడం రాదు. అయితే పెళ్లికి ముందు మా నాయన రాజ్‌దూత్ మోటారు సైకిలు వెనక, పెళ్లయ్యాక మా ఆయన స్కూటరు వెనక, ఆ తర్వాత ఆయన కొన్న వంద సీసీ బండి వెనక కూర్చుని ఇన్నేళ్లు తిరిగిన దాన్ని కాబట్టి, ఆ సీటు గురించి మాట్లాడే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. ఇప్పుడు మా అబ్బాయికి ఎర్రగుంట్ల వైపు ఉద్యోగం వచ్చింది. వాడు తన మొదటి బండి కొనే ప్రయత్నంలో ఉన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, మొన్నటిదాకా వంద సీసీ బండితో సరిపెట్టుకుందామనుకున్న పిల్లలు కూడా ఇప్పుడు పెద్ద బండ్ల వైపు చూస్తున్నారు. ధర తగ్గడం సంతోషమే. కానీ ఆ మిగిలిన డబ్బు వెనక సీటు సౌకర్యానికి కాకుండా ఇంజను సైజుకే పోతున్నట్టు నాకు కనిపిస్తోంది.

మధ్యతరగతి ఇంట్లో మొదటి బండి కొనుక్కున్నవాడొక్కడిదే అయి ఉండదు. పొద్దున ఉద్యోగానికి పోయే ఆ బండే సాయంత్రం అవ్వను రిమ్స్ ఆస్పత్రికి తీసుకుపోవాలి, శనివారం దేవుని కడపకు పోవాలి, శ్రీరామనవమి రోజుల్లో ఒంటిమిట్టకు పోవాలి, బంధువుల పెళ్లి ఉంటే గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగి రాయచోటికి పోయి రావాలి. ఈ పనుల్లో చాలావాటికి వెనక ఒక మనిషి తప్పనిసరిగా ఉంటారు. ఒక్కరే ఉండాలి కూడా. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక ఇంకొక్కరిని మాత్రమే, అదీ బండికి గట్టిగా బిగించిన సీటు మీదనే కూర్చోబెట్టుకోవాలి. ముగ్గురు నలుగురు ఎక్కే మన అలవాటు గురించి ఇక్కడ రాయబోవడం లేదు. దానికి ఇంకో ఉత్తరం కావాలి.

మేము నగరంలోని ఒక షోరూముకు వెళ్లినప్పుడు అబ్బాయికి తాళం చేతికిచ్చి, నన్ను ఏసీ కింద కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. నేను కూడా వెనక కూర్చుని చూసి వస్తానంటే అక్కడి కుర్రాడు, “టెస్ట్ రైడ్ ఒక్కరికే మేడమ్” అని మర్యాదగానే చెప్పాడు. నా అభ్యంతరమంతా ఆ మర్యాద మీద కాదు, ఆ పద్ధతి మీద. ఒక్కడే ఎక్కి నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చినప్పుడు తెలిసే బండి వేరు, ఇద్దరు ఎక్కినప్పుడు తెలిసే బండి వేరు. వెనక అరవై కిలోల మనిషి కూర్చోగానే వెనక స్ప్రింగులు దిగుతాయి, ముందు చక్రం మీద భారం తగ్గి హ్యాండిల్ తేలిక అవుతుంది, బ్రేకు వేస్తే బండి ఆగడానికి ఇంకొంచెం దూరం పడుతుంది, నెమ్మదిగా పోయేటప్పుడు బండి ఒరగకుండా నిలబెట్టుకోవడం కష్టమవుతుంది, బయలుదేరేటప్పుడు క్లచ్ ఇంకా నిదానంగా వదలాల్సి వస్తుంది. చేయి తిరిగినవాళ్లకు ఇవేవీ లెక్కలోకి రావు. మొదటి బండి కొనేవాడికి మాత్రం ఇవన్నీ కొత్తే. అందుకే ఇద్దరూ కలిసి ఎక్కి చూడకుండా మొదటి బండి కొనడం సరి కాదని నా అభిప్రాయం.

చూడడమన్నా పెద్ద రోడ్డు మీద వేగంగా పోయి రావడం కాదు. రెండు స్పీడ్ బ్రేకర్లు దాటాలి, కుళాయి పైపుల కోసం తవ్వి పూడ్చిన సందు ఒకటి దాటాలి, ఇరుకు చోట బండిని నిదానంగా వెనక్కి తిప్పుకోవాలి, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించాలి. వెనక మనిషి కనీసం రెండు మూడు సార్లు ఎక్కి దిగాలి. పెద్దవాళ్ల విషయంలో ప్రయాణం కన్నా ఎక్కడం, దిగడమే అసలు కష్టం. ఈ సంగతి ఆ వయసు రాని వాళ్లకు సులభంగా తట్టదు.

ఇక సీటు సంగతి. షోరూములో అందరూ చేసే పని సీటును బొటనవేలితో నొక్కి మెత్తగా ఉందో లేదో చూడడం. ఈ మెత్తదనాన్ని నమ్మడానికి లేదు. మరీ మెత్తటి ఫోము అరగంటలో అణిగిపోతుంది, ఆపైన కింది రేకు గట్టిదనం తెలుస్తుంది. కొంచెం గట్టిగా ఉన్నా వెడల్పుగా, పొడవుగా, బల్లపరుపుగా ఉన్న సీటే దూరం పోవడానికి మేలు. సీటు ముందుకు వాలి ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ వెనక మనిషి జారి నడిపేవాడి వీపుకు ఆనుతారు, మళ్లీ వెనక్కి జరుగుతారు, మళ్లీ జారుతారు. ఎర్రగుంట్ల దాకా ఇదే వరస అయితే ఇద్దరికీ విసుగే. ఈమధ్య కుర్రకారు ఇష్టపడే బండ్లలో సీటు రెండు ముక్కలుగా ఉండి, వెనక ముక్క జానెడు ఎత్తున, అరచేయి కన్నా కొంచెం వెడల్పుగా ఉంటోంది. చూడడానికి బండి తోక పైకి లేచినట్టు అందంగానే ఉంటుంది. అక్కడ కూర్చున్న వాళ్లకు ఎదురుగాలి మొహానికి నేరుగా కొడుతుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఎక్కాలంటే కాలు నడుము దాకా ఎత్తాలి. కళాశాలకు పోయే స్నేహితులు సర్దుకుంటారేమో కానీ మోకాళ్ల నొప్పులున్న తల్లి సర్దుకోలేదు.

సీటు ఎలా ఉందన్నదాంతో పాటు అది ఎక్కడ ఉందన్నది కూడా చూడాలి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బండిని పక్క నుంచి చూసినప్పుడు వెనక మనిషి కూర్చునే చోటు వెనక చక్రం ఇరుసుకు ముందు పడుతుందా, సరిగ్గా పైన పడుతుందా, ఇంకా వెనక్కి పడుతుందా అని గమనించాలి. చక్రం గతుకు ఎక్కినప్పుడు ఇరుసు పైన ఉన్నవాళ్లకు ఆ కుదుపు పూర్తిగా తగులుతుంది, ఇరుసు దాటి వెనక ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువగా తగులుతుంది, రెండు చక్రాల మధ్య ఉన్నవాళ్లకు అందులో కొంత భాగమే చేరుతుంది. ఆర్టీసీ బస్సులో చివరి సీటు దొరికిన వాళ్లకు స్పీడ్ బ్రేకర్ దగ్గర జరిగేది ఇదే. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం ఎక్కువ ఉన్న బండిలో ఇద్దరూ చక్రాల మధ్య కూర్చునే వీలు ఎక్కువ. ఈ దూరం హీరో స్ప్లెండర్‌లో 1236 మిల్లీమీటర్లు, హోండా షైన్ 125లో 1285, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350లో 1390. కంపెనీ ఇచ్చే కాగితంలో ఈ అంకె ఉంటుంది. మైలేజీ అంకె మీద చూపించే శ్రద్ధలో పావు వంతు దీని మీద చూపిస్తే చాలు.

పాదాలు పెట్టుకునే చోటు కూడా అంతే ముఖ్యం. వెనక ఫుట్ రెస్టులు మరీ పైకి ఉన్న బండి మీద కాళ్లు రెండు పక్కలా వేసి కూర్చుంటే మోకాళ్లు ముడుచుకుపోయి, పావుగంటకే తిమ్మిరెక్కుతాయి. కూర్చున్నప్పుడు తొడలు ఇంచుమించు నేలకు సమంగా ఉంటే సరిపోయినట్టు. సైలెన్సర్ మామూలుగా కుడి పక్కన ఉంటుంది కాబట్టి, కుడి కాలు దించినప్పుడు దానికి తగులుతుందేమో, దాని మీద వేడి తగలకుండా రేకు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. మే నెలలో మన ఊళ్లో కాలు కాలడానికి సైలెన్సరే అక్కర్లేదు, ఎండలో నిలబెట్టిన సీటు చాలు. అయినా కాలిన మచ్చ పిక్క మీద ఏళ్ల తరబడి ఉంటుంది.

చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే వాళ్ల సంగతి విడిగా చెప్పాలి. కాళ్లు రెండు పక్కలా వేసి కూర్చోవడమే క్షేమమని, బండి కూడా అప్పుడే సమంగా నిలుస్తుందని నాకు తెలుసు. చుడీదారు వేసుకునే ఆడపిల్లలందరూ అలాగే కూర్చోవాలని నేను కోరతాను. కానీ నా వయసు వాళ్లు, నాకన్నా పెద్దవాళ్లు చీరతో అలా కూర్చోరు, బుర్ఖా వేసుకునే వాళ్లలోనూ చాలామంది కూర్చోరు. మేమందరం ఎడమ పక్కకే కాళ్లు వేలాడేసి కూర్చుంటాం. మన దగ్గర అమ్మే బండ్లలో చైనూ చాలావరకు ఎడమ పక్కనే ఉంటుంది. అంటే కుచ్చిళ్లూ, చున్నీ కొసా, బుర్ఖా అంచూ సరిగ్గా చైనుకూ వెనక చక్రం చువ్వలకూ జానెడు దూరంలో ఉంటాయి. కూర్చోగానే కొంగు లాగి నడుములో దోపుకుని, కుచ్చిళ్లను రెండు మోకాళ్ల మధ్య నొక్కి పెట్టుకుని, బండి కదిలాక ఇంకోసారి తడుముకునే అలవాటు మా తరం వాళ్లకు దీనివల్లే వచ్చింది.

ఈ ప్రమాదాన్ని చట్టం ఎప్పుడో గుర్తించింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక మనిషిని ఎక్కించుకునే ప్రతి మోటారు సైకిలుకూ చేత్తో పట్టుకోవడానికి కదలని పిడి ఉండాలి, పాదాలకు ఫుట్ రెస్టు ఉండాలి, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అని పిలుచుకునే కమ్మీల చట్రం ఆ రక్షణే. బండి కంపెనీ నుంచి గార్డుతోనే వస్తుంది. కొన్న మరుసటి వారమే దాన్ని విప్పించి ఇంటి అటక మీద పడేసే పిల్లలను నేను చూశాను. మా అబ్బాయి స్నేహితుడొకడు అలాగే చేశాడు; బండికి అందం తగ్గుతోందట. వాడి బండి పక్కన నిలబడి చూస్తే టైరుకూ, నూనె కారే చైనుకూ అడ్డంగా ఏమీ లేదు. మొన్న ఏదో పని మీద వాళ్లమ్మను ఎక్కించుకుని వచ్చినప్పుడు ఆమె తెల్ల చీర అంచు పొడుగునా చైను మరక ఉంది. మరకతో పోయింది కాబట్టి సరిపోయింది.

గార్డు ఉన్నంత మాత్రాన అన్ని గార్డులూ ఒకటి కావు. కింద అడ్డంగా పలక ఉండి, రెండు మడమలూ దాని మీద ఆనేటట్టు ఉంటే నడుము మీద భారం పడదు. ఉత్త కమ్మీ ఒక్కటే ఉంటే చెప్పు జారుతుంది. బండి పక్కకు పడి గార్డు వంగిపోతే అది చువ్వలకు దగ్గరగా వచ్చి తానే ప్రమాదం అవుతుంది, అప్పుడు సరిచేయించుకోవాలి. చైను చుట్టూ పూర్తిగా మూసిన కవరు ఉన్న బండి ఇలా కూర్చునే వాళ్లకు చాలా మేలు. వంద, నూట పాతిక సీసీ బండ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, పరుగు బండ్లలో దాదాపు కనిపించదు. చేతికి పిడి విషయంలోనూ సీటు మధ్యలో కుట్టిన పట్టీని నేను పిడి కింద లెక్కపెట్టను. సీటు చుట్టూ వెనకా పక్కనా ఉండే గట్టి కమ్మీ కావాలి, ఎందుకంటే ఒక పక్కకు కూర్చున్న మనిషికి ఒక చేయి నడిపేవారి భుజం మీద ఉంటే రెండో చేతికి దొరికేది అదొక్కటే.

మొదటి బండి అన్న మాటను మరిచిపోకూడదు కాబట్టి బరువు గురించి రాయాలి. నా మటుకు నాకు అన్నిటికన్నా హాయిగా అనిపించింది ఒక బంధువు నడిపే 350 సీసీ బండి వెనక సీటే, ఆ మాట దాచను. దాని సీటు వెడల్పు, నింపాదిగా పోయే నడక ఒంటికి బాగుంటాయి. అయినా కొత్తగా నేర్చుకున్న పిల్లవాడికి దాన్ని కొనిపెట్టమని నేను చెప్పను. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, స్ప్లెండర్ బరువు 112 కిలోల దరిదాపు. ఏడు రోడ్ల దగ్గర నాలుగు పక్కల నుంచీ ఆటోలు దూరుతున్నప్పుడు బండి ఒక్క క్షణం ఆగి, ఒక పక్కకు ఒరిగిందనుకోండి: తక్కువ బరువు బండిని కుర్రవాడు కాలు ఆనించి నిలబెట్టుకుంటాడు, రెండు వందల కిలోల బండి మీద అరవై కిలోల మనిషి ఒక పక్కకే కూర్చుని ఉంటే, ఒరిగిన తర్వాత నిలబెట్టడం కొత్త చేతికి సాధ్యం కాదు. నడిపేవాడి రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి, మునివేళ్లు తగిలితే చాలదు. ఇద్దరూ కూర్చుని ఉన్నప్పుడే దీన్ని చూసుకోవాలి.

వీటన్నిటినీ కలిపి చూస్తే, ఊళ్లో తిరగడానికీ అప్పుడప్పుడూ యాభై అరవై కిలోమీటర్లు పోయి రావడానికీ 125 నుంచి 160 సీసీ మధ్య ఇంజను, 110 నుంచి 140 కిలోల మధ్య బరువు, ఒకటే పొడవాటి సీటు, మూసిన చైను, నిండు గార్డు ఉన్న బండి మన ఇళ్లకు సరిపోతుందని నాకు తోస్తోంది. పట్నం దాటని వాళ్లకు వంద సీసీ కూడా చాలు. నేను ఏ కంపెనీ తరఫునా రాయడం లేదు, ఈ కొలతల్లో దొరికే బండ్లు చాలా కంపెనీలకు ఉన్నాయి. వంద సీసీ బండి ఇద్దరితో గువ్వలచెరువు ఘాటు ఎక్కలేదని కాదు, ఎక్కుతుంది. కానీ కింది గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే వెనక లారీలు హారను కొడతాయి, నడిపేవాడు కంగారు పడతాడు. దిగేటప్పుడు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకోకుండా తక్కువ గేరులో దిగడం ఇద్దరున్నప్పుడు మరీ అవసరం. బ్రేకుల విషయంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నిటిలో 125 సీసీ దాటితే, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతలోపు అయితే రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ లేదా ఏబీఎస్ తప్పనిసరి. పాత బండి కొనేవాళ్లు అది ఏ సంవత్సరం బండో ఆర్సీలో చూసుకోవాలి.

గేర్ల బండే కావాలా అని కూడా ఒకసారి ఆలోచించాలి. వెనక కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లే అయి, తిరుగుడంతా ఊళ్లోనే అయితే స్కూటరు సీటు తక్కువ ఎత్తులో, వెడల్పుగా ఉండి మేలు చేస్తుంది, ఇంట్లో ఆడవాళ్లు కూడా నడుపుకోవచ్చు. దాని లోపం చక్రాల దగ్గర ఉంది. స్ప్లెండర్, షైన్ వంటి బండ్లకు 18 అంగుళాల చక్రాలు ఉంటే, యాక్టివాకు ముందు 12, వెనక 10 అంగుళాల చక్రాలు. చిన్న చక్రం గుంతలో పూర్తిగా దిగిపోతుంది, పెద్ద చక్రం దాని మీదుగా దాటేస్తుంది. మన సందుల్లో గుంతలు ఎన్నో మీ పత్రికలోనే ఫొటోలు వస్తుంటాయి.

బండి కొన్న తర్వాత కూడా చేయాల్సింది ఉంది, దానికి పెద్దగా ఖర్చు కాదు. వెనక రెండు స్ప్రింగులు ఉన్న బండ్లలో చాలావాటికి వాటి కింది భాగంలో మెట్లు మెట్లుగా ఉన్న ఒక చుట్టు ఉంటుంది, సాధారణంగా అయిదు మెట్లు. కొంకి ఆకారంలో ఉండే స్పానర్‌తో దాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుంది. మా వీధి చివర మెకానిక్ షాపులో ఈ పని రెండు నిమిషాల్లో చేశారు. మొదటి మెట్టు మీద ఉన్నదాన్ని మూడో మెట్టుకు తెచ్చారు, రెండు పక్కలా ఒకే మెట్టు మీద ఉండేటట్టు చూశారు. అంతకు ముందు స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా కింద ఠక్కుమని తగిలే చప్పుడు ఆ రోజు నుంచి ఆగింది. ఆ స్ప్రింగుకు అలాంటి అమరిక ఉందని బండి కొన్న ఇన్నేళ్లలో ఏ సర్వీసింగులోనూ మాకెవరూ చెప్పలేదు.

గాలి విషయం కూడా ఇలాంటిదే. బండితో ఇచ్చే పుస్తకంలోనో, చైను కవరు మీది స్టిక్కరులోనో వెనక టైరుకు రెండు అంకెలు ఉంటాయి, ఒక్కరికి ఒకటి, ఇద్దరికి ఒకటి. వంద, నూట పాతిక సీసీ బండ్లలో చాలావాటికి ఒక్కరే ఉంటే 28 లేదా 29, ఇద్దరుంటే 40 దాకా చెబుతారు. పెట్రోలు బంకులో గాలి కొట్టే అబ్బాయి మాత్రం ఏమీ అడగకుండా ముందుకూ వెనక్కూ కలిపి ఒకే అంకె పెట్టేస్తాడు. గాలి తక్కువైన టైరు మీద ఇద్దరు కూర్చుంటే మలుపులో బండి ఊగుతుంది, మన ఎండలకు టైరు ఇంకా వేడెక్కుతుంది. అదే పుస్తకంలో బండి మోయగలిగే మొత్తం బరువు కూడా రాసి ఉంటుంది. చిన్న బండ్లలో చాలావాటికి అది 130 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్లు కూర్చున్నాక, ట్యాంకు మీద బియ్యం మూట పెట్టుకోవడానికి అందులో చోటు మిగలదు.

లైసెన్సు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేవాడు నేర్పించే లైసెన్సుదారుణ్ణి తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. అంటే కొత్త బండి వచ్చిన రోజే అమ్మను గుడికి తీసుకుపోవాలన్న ముచ్చట, పక్కా లైసెన్సు వచ్చేదాకా ఆగాలి. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా. లేకపోతే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలను ఎక్కించుకుంటే నడిపేవారికి కట్టే బెల్టు వేయాలి, వేగం 40 దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉంది. బండితో పాటు వచ్చే హెల్మెట్ నడిపేవాడి తలకు పోతుంది, రెండోది ఐఎస్ఐ గుర్తు చూసి అప్పుడే కొనాలి. జడను, కొప్పును దృష్టిలో పెట్టుకుని సైజు చూడాలంటే ఆ తల ఉన్న మనిషి షోరూముకు రావాల్సిందే.

అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసినది ఇన్సూరెన్సు సంగతి. డబ్బు కలిసొస్తుందని చాలామంది, మన బండి వల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే తీసుకుంటారు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అది అయిదేళ్లకు ఒకేసారి కట్టించుకుంటున్నారు కాబట్టి, అయిదేళ్లు బెంగ లేదనుకుంటారు. కానీ చట్టం కోసం తీసుకునే ఆ పాలసీ, ఛార్జీ ఇవ్వకుండా మన వెనక కూర్చున్న మనిషికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది. మన బండే జారి పడి వెనక మనిషికి దెబ్బలు తగిలితే, ఇన్సూరెన్సు కంపెనీ ఇవ్వాల్సిన అవసరం లేదు, ఆ భారం బండి యజమాని మీద పడుతుంది. సమగ్ర పాలసీ తీసుకుంటే వెనక మనిషికి కూడా రక్షణ ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే కంపెనీలకు స్పష్టం చేసింది. ఈ తేడా షోరూములో బిల్లు రాసే బల్ల దగ్గర ఎవరూ చెప్పరు. ఎక్స్‌ట్రా ఫిట్టింగుల చీటీలో ట్యాంకు కవరు, స్టిక్కర్లు, సైడు అద్దాల తళుకులు అన్నీ ఉంటాయి; వాటిలో రెండు తీసేస్తే ఈ పాలసీకి కావలసిన డబ్బులో చెప్పుకోదగ్గ భాగం మిగులుతుంది.

నా విన్నపాలు మూడు. షోరూముల వాళ్లు టెస్ట్ రైడును ఇద్దరికీ ఇవ్వాలి, దానికి రెండో హెల్మెట్ ఒకటి అక్కడ ఉంచితే సరిపోతుంది. రవాణా శాఖ అధికారులు తనిఖీల్లో కాగితాలతో పాటు, విప్పేసిన చీర గార్డులను, పీకేసిన పిడులను కూడా చూడాలి. 123వ నిబంధన పుస్తకంలో ఉన్నందుకు రోడ్డు మీద కూడా కనిపించాలి. మీ వాహనాల పేజీలో ఇకనుంచి ప్రతి బండి గురించి రాసేటప్పుడు వెనక సీటు ఎత్తు, పొడవు, పాదాలు ఆనే తీరు, గార్డు, చైను కవరు, పిడి ఎలా ఉన్నాయో ఒక పేరా ఇవ్వాలి, ఆ పేరా వెనక కూర్చుని వచ్చిన మనిషే రాయాలి. మీ విలేకరులకు అలా కూర్చునే మనుషులు దొరక్కపోతే కబురు చేయండి. చీరతో ఒక పక్కకు కూర్చోవడానికి నేను వస్తాను, మోకాళ్ల నొప్పులతో ఎక్కి దిగి చూడడానికి మా అత్తగారు కూడా వస్తానన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఎర్రముక్కపల్లె, కడప